మైకన్న రికార్డు, రెండో వైపు

ఇది రాయొద్దనే అనుకున్నాను. పోయిన నెల తార్నాకలో మా మైకన్న పోయాడని కబురు వచ్చినప్పుడు, రాయడానికి చదువుకున్నవాళ్లున్నారులే అని ఊరుకున్నాను. కానీ నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. అది ఇంకెవరూ చెప్పలేరు.

యూనివర్సిటీలో ఏ సభ జరిగినా మైకు సెట్టు ఆయనదే. నేను అక్కడి లైబ్రరీలో బైండర్ని. నా చదువంతా బైండుకొచ్చిన పుస్తకాల్లోంచే. చిరిగినవే వస్తాయి కాబట్టి చాలా కథలకు నాకు మొదలూ తుదీ తెలియవు. ఓసారి ఉద్యోగుల సభలో మాట్లాడమంటే నా గొంతు ఎవరికీ వినపడదని తప్పుకోబోయాను. "నీ గొంతు నేను జూస్కుంట. నువ్వు మాట జెప్పు," అన్నాడు మైకన్న.

సభ లేని సాయంత్రాల్లో తన షాపులో ఓ విదేశీ రాక్ బ్యాండు రికార్డు పెట్టేవాడు. ముక్క అర్థం కాకపోయినా ఇద్దరం తలలూపేవాళ్లం. మధ్యలో లేవనిచ్చేవాడు కాదు. "కూసో రా. రెండో దిక్కు ఇనకపోతే సగం మాట ఇని పోయినట్టే."

ఒకసారి ఆ రికార్డు అడిగి తెచ్చుకుని కిటికీలో పెట్టాను. ఎండకు అప్పడంలా వంగింది. వంకరపోయిన అట్టను ఏం చేస్తామో దాన్నీ అదే చేశాను: బైండింగు ప్రెస్సులో పెట్టి బిగించాను. టప్‌మంది. పగులు మీద గుడ్డ పట్టీ కూడా అంటించాను, అలవాటు కొద్దీ. ఆయన లేనప్పుడు షాపులో బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. ఆ పాటల జోలికి మళ్లీ పోలేదు.

కబురు తెలిసిన నాలుగో రోజు క్యాంపస్‌లో ఓ అమ్మాయి ఫోన్లోంచి ఆ రికార్డులోని పాటే వినిపించింది. ఆగిపోయాను.

"తాతా, మీరు గూడ ఈ బ్యాండ్ వింటరా?"

"వినుడేంది బిడ్డా, పలగ్గొట్టిన."

ఆ రికార్డులు మళ్లీ వస్తున్నాయని ఆ అమ్మాయే చెప్పింది. కొనాల్సిందే అనుకున్నాను. కాచిగూడ, ముషీరాబాద్ తిరిగాను. మోకాళ్లు వద్దన్నా తిరిగాను. చివరికి వారాసిగూడలో దొరికింది.

"ప్లేయర్ ఉన్నదా అంకుల్?" అన్నాడు షాపతను.

"లేదు. ఇచ్చేది ఉన్నది."

మైకన్న ఇంటికి వెళ్లి, కూర్చోకముందే వదినకు అంతా చెప్పేశాను. ఎండ, ప్రెస్సు, గుడ్డ పట్టీ.

"ఆ పట్టీ జూసిన నాడే నువ్వని తెల్సింది ఆయనకు," అంది వదిన. "నువ్వే జెప్తవని ఇన్నేండ్లు జూసిండు."

సంచిలోంచి కొత్త రికార్డు తీసి ఇచ్చాను. ఆమె దాన్ని ఆయన ప్లేయర్ మీద పెట్టింది. మొదటి వైపు అయిపోయాక చెప్పుల కోసం లేచాను.

"కూసో," అని వదిన రికార్డు తిప్పింది.