నేను తీసేసిన తొమ్మిది పేజీలు

ఇన్నేళ్లుగా ఈ బరువు నా ఒక్కడికే తెలుసు. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. చనిపోయిన ఒక మనిషి మీద నేను అబద్ధం రాశాను. అది అచ్చయింది. రెండుసార్లు అచ్చయింది.

ఎనభైల మొదట్లో నేను తెనాలిలో ఒక ప్రెస్సులో పనిచేసేవాణ్ణి. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. అచ్చయిన కాగితాలు మడతపెట్టే పనికి చేరి, అక్కడే చూసి చూసి లెక్క నేర్చుకున్నాను. రాతప్రతి చేతికిస్తే అందులో పంక్తులు, పంక్తికి అక్షరాలు చూసి, పుస్తకం ఎన్ని పేజీలవుతుందో చెప్పేవాణ్ణి. పదహారు పేజీలు ఒక ఫారం. నేను ఫారాలు తేల్చాకే యజమాని కాగితం కొనేవాడు, అట్ట మీద ధర వేయించేవాడు. నా లెక్క తప్పదని నలుగురిలో అనేవాడు. ఆ మాట వినడం కోసం నేను ఏ పనైనా చేసేవాణ్ణి. చేశాను కూడా.

మేం వేసేవన్నీ యుద్ధం నవలలు, గూఢచారి నవలలు. బస్టాండుల్లో, అద్దె పుస్తకాల షాపుల్లో వాటికి గిరాకీ ఎక్కువ. నేను ప్రూఫుల్లోనే చదివేసేవాణ్ణి. ఎందుకంత పిచ్చి? రోజంతా పంక్తులు లెక్కపెట్టేవాడికి సరిహద్దు దాటే మనిషి మీద మోజు ఉండడం సహజమే అనుకునేవాణ్ణి. ఇప్పుడనిపిస్తుంది, అసలు కారణం అది కాదు. ఆ పుస్తకాల్లో ఎవరూ ఊరికే చావరు. ప్రతి చావు వెనకా ఒక ద్రోహి ఉంటాడు, చివర్లో దొరుకుతాడు, తప్పంతా వాడిదని తేలిపోతుంది. మన హీరో భయపడడు. ఒకవేళ భయపడ్డా ఒక పంక్తిలో అయిపోతుంది. అలా తేలిపోవడం నాకు హాయిగా ఉండేది.

యేసుపాదం గారు రేపల్లె నుంచి పాసింజరులో వచ్చారు. సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చిన మనిషి. డెబ్బై ఒకటి యుద్ధంలో తూర్పు సరిహద్దులో ఉన్నారు. ఒక నవల రాసి తెచ్చారు. యజమాని చాలా సంబరపడ్డాడు. నిజమైన సైనికుడు రాసిన నవల అని అట్ట మీద వేయొచ్చు కదా. కాగితాలు నా చేతికిస్తూ ఆయన ఒక మాట చెప్పారు. పేర్లన్నీ మార్చాననీ, నాంచారయ్య పేరు, ఊరు మాత్రం అలాగే ఉంచాననీ అన్నారు. నాంచారయ్య ఈపురుపాలెం నేతవాళ్ల అబ్బాయి. ఆయన దళంలోనే ఉండి యుద్ధంలో చనిపోయాడు. వాళ్లమ్మ ఇంకా ఉంది. వాడెలా చనిపోయాడో ఆమెకు ఇంతవరకూ ఎవరూ సరిగ్గా చెప్పలేదట.

"అది మాత్రం కదపమాకు తమ్ముడూ," అన్నారు.

మొదటి కాగితాలు చూసి ఎనిమిది ఫారాలన్నాను. అదే నా తప్పు. చివరి మూడోవంతులో ఆయన చేతిరాత చిన్నదైపోయింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. చెప్పడం కష్టమైన సంగతి దగ్గర ఆయన చెయ్యి ముడుచుకుపోయింది కాబోలు. నేను అంతదూరం తిప్పి చూడలేదు. ఆరు ఫారాలు అచ్చయ్యాక గాని నాకు తెలియలేదు, తొమ్మిది పేజీలు ఎక్కువ వస్తున్నాయని. అప్పటికే అచ్చయిన ఫారాల్లో సీసపు అక్షరాలు విడదీసి మళ్లీ వాటి గళ్లలో వేసేశారు. వెనక్కి వెళ్లి సర్దే వీలు లేదు. తొమ్మిదో ఫారం వేయాలంటే కాగితం మళ్లీ కొనాలి, అట్ట మీద ధర మార్చాలి. అన్నిటికంటే ముందు యజమాని దగ్గరికి వెళ్లి, నా లెక్క తప్పిందండి అనాలి.

ఆ ఒక్క మాట అని ఉంటే ఏమయ్యేది? నాలుగు తిట్లు తినేవాణ్ణి. అంతే. ఇంత చిన్న లెక్క నాకు అప్పుడెందుకు రాలేదు?

నాంచారయ్య చనిపోయే అధ్యాయం తొమ్మిదిన్నర పేజీలు. దాన్ని తీసేశాను. అర పేజీ మిగిలింది. కథ అతకాలి కదా. వందల నవలలు చదివినవాణ్ణి, అతకడం నాకు తెలుసు. ముందు అధ్యాయం చివర చీకట్లో కాలవ గట్టు మీద నాంచారయ్య తుపాకి కాలుస్తూ ఉంటాడు. ఆ కాల్పులు శత్రువుకు సంకేతాలని రాశాను. నాంచారయ్య మొదటినుంచీ వాళ్ల గూఢచారి అనీ, హీరో అది కనిపెట్టి అతన్ని వదిలి తన దళాన్ని కాపాడుకున్నాడనీ రాశాను. నిజం చెబుతున్నాను, ఆ అర పేజీ రాస్తున్నంతసేపూ నాకు సంతోషంగా ఉంది. బాగా కుదిరిందనుకున్నాను. అసలు కాగితాలు పొయ్యిలో వేశాను.

పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. ఆ మలుపు ఎవరూ ఊహించలేదన్నారు. మూడో వారం మధ్యాహ్నం యేసుపాదం గారు వచ్చారు. చేతిలో పుస్తకం ఉంది.

"ఏంటి తమ్ముడూ, నా అధ్యాయం కనపడటంలా?"

"ఏ అధ్యాయమండి?"

"నాంచారయ్యది. నీ చేతికే ఇచ్చా గదా."

"మాకొచ్చిన కాయితాల్లో లేదండి. రైల్లో ఎక్కడన్నా జారిపోయిందేమో చూసుకోండి."

ఆయన నా ముఖంలోకి చూశారు. నేను కళ్లు దించలేదు. గూఢచారులు దించరని చదివాను.

"పోయిందే అనుకుందాం. మరి ఈ సంకేతాల సంగతి ఎవరు రాశారు?"

"కథ అతకాలి గదండి. ఎవరో రాసుంటారు. ఇక్కడ నలుగురైదుగురు రాస్తారండి."

మా యజమాని బల్ల దగ్గర నుంచి నవ్వాడు. "హవల్దారు గారూ, మీ పుస్తకం కోసం అద్దె షాపుల్లో పేర్లు రాయించుకుని కూర్చున్నారండి జనం. యుద్ధంలోనే భయపడనోళ్లు, అచ్చులో ఒక పేజీకి ఇంత బాధేంటండి?"

యేసుపాదం గారు నవ్వలేదు.

"నేను భయపడ్డానండి," అన్నారు. "అదే రాశా అందులో. వాళ్లమ్మకి చదివి వినిపిస్తానని చెప్పొచ్చా. ఇప్పుడేం చదవమంటారు?"

పుస్తకం చంకలో పెట్టుకుని, తనలో తాను అనుకుంటున్నట్టు, "అది బయటికి రావడం దేవుడికే ఇష్టం లేదేమో," అని వెళ్లిపోయారు. రేపల్లె స్టేషనులో ఆ కాగితాల కోసం చాలా రోజులు అడిగారని తర్వాత విన్నాను.

నేను ఆయన నుంచి కాగితాలు తీసుకోవడమే కాదు. తన ఒప్పుకోలును దేవుడే తోసిపుచ్చాడని ఆయన నమ్మేలా చేశాను. ఇది నాకు ఎప్పుడు అర్థమైంది? ఆ రోజే అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకుంటూ బతికాను.

తర్వాత ఒకసారి పుస్తకాల కట్టలు ఇవ్వడానికి బాపట్ల వెళ్లాను. షాపులో ఒక చేనేత కుర్రాడు ఆ నవల తిరిగిస్తూ షాపతనితో అంటున్నాడు. "ఇందులో గూఢచారి మా ఊరోడేనంటండి. వాళ్లమ్మ మా వీధే. నిజంగా మిలటరీ ఆయన రాసిందంట, అబద్ధం ఎందుకవుద్ది?" ఆమెతో జనం సరిగ్గా మాట్లాడడం లేదని కూడా చెప్పాడు. షాపతను నన్ను చూపించి, అదిగో ప్రెస్సాయన, అడగండి అన్నాడు. కుర్రాడు నా వైపు తిరిగాడు. నాకు బస్సుకు టైమైందని చెప్పి వచ్చేశాను.

తొంభైల్లో ఆ నవల మళ్లీ వేశారు. ఆఫ్‌సెట్‌లో, కొత్త అట్టతో. దిద్దాల్సినవి ఏమైనా ఉన్నాయా అని నన్నే అడిగారు. యేసుపాదం గారు అప్పటికి ఏడాది కిందటే పోయారు. నాంచారయ్య తల్లి బతికి ఉందో లేదో కనుక్కోలేదు. కనుక్కుంటే వెళ్లాల్సి వస్తుంది. ఏమీ లేవండి అన్నాను. మొదటిసారి లెక్క తప్పి చేశాను. రెండోసారి అన్నీ తెలిసి చేశాను.

ఇప్పుడు ఆ కుటుంబంలో ఎవరున్నారో తెలియదు. నన్ను క్షమించగలిగినవాళ్లు ఎవరూ మిగల్లేదేమో. అడగడం లేదు. నేను చేయగలిగింది, ఆ పేజీల్లో ఏముందో చెప్పడం. ఆయన మాటలు నాకు లేవు. సంగతి మాత్రం మర్చిపోలేదు.

అచ్చం మన వైపు పొలాల్లాంటి పొలాలు. నాంచారయ్య తొడలో గుండు దిగింది. నడవలేడు. సాయం తీసుకొస్తానని చెప్పి యేసుపాదం గారు బయల్దేరారు. తన నీళ్ల సీసా వదిలి వెళ్లాల్సింది పోయి అతనిది కూడా పట్టుకెళ్లారు. కొంతదూరం పోయాక భయపడ్డారు. వరికుప్ప వెనక దాక్కుని తెల్లారేదాకా అక్కడే ఉన్నారు. కాలవ గట్టు మీద నాంచారయ్య ఒక్కడే ఆగి ఆగి కాలుస్తూనే ఉన్నాడు. శత్రువు అటే చూస్తూ ఉండిపోయాడు. మిగిలిన దళమంతా కాలవ దాటింది. కాల్పులు ఆగిన చప్పుడు కూడా యేసుపాదం గారు విన్నారు.

ఆ కాల్పులు ఎవరికీ సంకేతాలు కావు. ఈపురుపాలెం నాంచారయ్య ఎవరి గూఢచారీ కాదు. ఆ అర పేజీ రాసింది నేను. ఈ మాట ఇన్నేళ్లలో మొదటిసారి పూర్తిగా రాశాను. చెయ్యి కొంచెం తేలికపడింది.