యేసుదాసు వైసు వెంట గోదావరిఖనికి

ఈ ప్రయాణానికి కారణం ఒక ఉత్తరం. అది నాకు రాసింది కాదు. వరంగల్ స్టేషన్ రోడ్డులో పాత ఇనుము అమ్మే హుస్సేన్ భాయ్‌కి వచ్చింది. ఆయన దుకాణానికి నేను నెలకు రెండుసార్లయినా వెళ్తాను. నా ఈడు ఆడవాళ్లు వత్తులు చేసుకుంటారు, నేను పాత వైసులు కొని తుప్పు వదిలిస్తాను. వైసంటే తెలియని వాళ్లకు చెప్తున్నాను: ఫిట్టర్లు బల్లకు బిగించుకుని, కోయాల్సిన ఇనుప ముక్కను రెండు దవడల మధ్య పట్టించే సాధనం. పిడి తిప్పితే మర తిరిగి దవడలు దగ్గరవుతాయి, పట్టింది ఇక వదలదు. ఆ గుణం మా ఇంట్లో ఇంకొకరికి కూడా ఉందని మా కోడలు అంటుంది. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పి దిగిపోయినదాన్ని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోమంటే నా వల్ల కాదు. మధ్యాహ్నం కునుకు కూడా నాకు శిక్షలాగే ఉంటుంది.

పోయిన నెల హుస్సేన్ భాయ్ దగ్గర నాలుగంగుళాల దవడల వైసు ఒకటి దొరికింది. పాతకాలపు పోత, మంచి బరువు, మర అరగలేదు. రెండు రోజులు కిరసనాయిల్లో నానబెట్టాను, తీగ బ్రష్షుతో రుద్దాను, మరకు గ్రీజు పెట్టాను. ఒక దవడ మీది చదును అంచున ఎవరో అడ్డదిడ్డంగా కోసిన ఐదు గాట్లున్నాయి. ఎవడో మొరటు చేతివాడి పని అనుకుని, రెండు సాయంత్రాలు ఆకురాయి పట్టి ఆ అంచును అద్దంలా చేశాను. పైన రెండు పూతలు ఆకుపచ్చ రంగు. ఎండలో ఆరబెడితే వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. నేనూ బయటికి వచ్చి, వాళ్లు చూడడం చూశాను.

అంతలో ఈ ఉత్తరం. గోదావరిఖని నుంచి రత్నమ్మ అనే ఆవిడ రాయించింది. భర్త యేసుదాసు బొగ్గు కంపెనీలో ఫిట్టరు. ఒక కన్ను చిన్నప్పుడే పోయింది, రెండోదానికి పొర కమ్మి పనిలోంచి దిగిపోయాడు. దిగిన రోజు కోపంలో వైసు అమ్మెయ్యమన్నాడు, ఈవిడ ఊరికొచ్చిన హుస్సేన్ భాయ్‌కి అమ్మేసింది. ఇప్పుడు పొద్దస్తమానం ఉత్త చేతులు తిప్పుకుంటూ కూర్చుంటున్నాడట. అన్నం ముట్టడం లేదట. "వైసు వస్తే మనిషి దక్కుతడు, మీ పైసలు మీకిస్త" అని చివరి మాట. అది నా దగ్గరున్న వైసే. హుస్సేన్ భాయ్ రైలు పార్సిల్లో పంపుదామన్నాడు. పార్సిల్లో వైసు పోతుంది గాని నా పనితనం విప్పి చూపించేదెవరు? నేనే వెళ్తానన్నాను, పంతులమ్మ తెస్తోందని ఆయన కార్డు రాశాడు. ఇందులో పరోపకారం సగమే అని ముందే ఒప్పుకుంటున్నాను.

కాజీపేట నుంచి బల్హార్షా వైపు ప్యాసింజరు పొద్దున ఆరున్నరకు. రామగుండానికి టికెట్టు రెండున్నర, గోనెసంచిలో చుట్టిన వైసును బండిదాకా మోసిన కూలీకి నలభై పైసలు. జమ్మికుంట దాటేదాకా కిటికీ దగ్గర, పెద్దపల్లి దాకా తలుపు దగ్గర, ఆ తర్వాత రెండింటి మధ్య తిరుగుతూ గడిపాను. బొగ్గు వ్యాగన్ల బండ్లు ఎదురొచ్చిన ప్రతిచోటా మా బండిని పక్కన నిలబెట్టారు. ఇక్కడ బొగ్గుకున్న తొందర మనుషులకు లేదు. పదింటికి రామగుండంలో దిగేసరికి తెల్లచీర కట్టుకొచ్చిన తప్పు తెలిసింది. స్టేషన్ బయట రేకుల హోటల్లో వంటావిడ ముప్పై పైసలకు ఉప్మా పెట్టి, నా సంచివైపు చూసింది.

"ఏందవ్వా గది? రుబ్బురోలా?"

"వైసు."

"అమ్మనీకెనా?"

"ఇచ్చెయ్యడానికి."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, అడక్కుండానే ఇంకో గరిటె ఉప్మా వేసింది. మతి సరిగా లేని ముసలమ్మ కడుపునిండా తినాలని కాబోలు.

గోదావరిఖని బస్సు అరగంటకొకటి ఉంటుందన్నారు. నాకు ముప్పావుగంటకు దొరికింది. బసంత్‌నగర్ సిమెంటు లారీల దుమ్ము ఒకవైపు, బొగ్గు దుమ్ము ఇంకోవైపు. తెలుపూ నలుపూ రెండూ నా చీర మీద రాజీపడ్డాయి. కండక్టరు సంచి పక్కకు జరపబోయి నడుం పట్టుకున్నాడు.

"ఏమవ్వా, బాయిల బొగ్గంత నువ్వే మూటగట్టినవా?" ఇక్కడ గనిని బాయి అంటారు.

"నీకు బరువైతే చెప్పు బిడ్డా, నేను జరుపుత" అన్నాను. బస్సంతా నవ్వింది. అరవై పైసల టికెట్టు కొట్టి, సంచికి వేరే టికెట్టు అడగలేదు. కంపెనీ క్వార్టర్ల దగ్గర తనే మోసి దించాడు.

క్వార్టర్లు వరసలు వరసలుగా ఉన్నాయి. ఒకే అచ్చులో పోసినట్టు అదే తలుపు, అదే కిటికీ, అదే అరుగు. నంబరు చదువుకుంటూ పదకొండున్నరకు ఇల్లు పట్టుకున్నాను. మొదటి గదిలో స్టూలు మీద యేసుదాసు, అరవైకి దగ్గరపడ్డ మనిషి. రెండు చేతులూ గాలిలో దేన్నో బిగిస్తున్నాయి, వదులుతున్నాయి. ఎదురుగా ఖాళీ బల్ల. రత్నమ్మ నా చేతిలో సంచి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అచ్చిందయ్యా! పంతులమ్మ తనే తెచ్చింది" అంది.

ఇద్దరం వైసును బల్ల మీద పెట్టాం. ఆయన లేచి వచ్చాడు. పిడి తిప్పాడు, మర చప్పుడు చేయకుండా తిరిగింది. ముఖం వెలిగింది. మెచ్చుకుంటాడని నేను ఎదురుచూస్తున్నాను. ఆయన బొటనవేలు దవడ అంచు మీదికి వెళ్లింది. ఈ చివర నుంచి ఆ చివరికి. మళ్లీ ఆ చివర నుంచి ఈ చివరికి.

"గాట్లేవి?"

"అవా? నేనే తీసేసిన. రెండు రోజులు పట్టింది" అన్నాను, ఇంకా గర్వంగానే.

ఆయన పిడి మీంచి చెయ్యి తీసేశాడు. తర్వాత చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "పంతులమ్మా, పలక తుడిచినవు."

అప్పుడు చెప్పాడు. కన్నుకు పొర రావడం మొదలైనప్పుడు, టేపు మీద అంకెలు ఆనడం మానేస్తాయని ముందే తెలిసి, తను రోజూ చేసే కొలతలన్నీ ఆ అంచు మీద గాట్లుగా కోసిపెట్టుకున్నాడు. కడ్డీ కొనను అంచు మూలకు ఆనించి, బొటనవేలు గాటు మీద పెడితే చాలు, ఎక్కడ కోయాలో చూడక్కర్లేదు. "కన్ను పోయినంక ఆ ఐదు గాట్లే నా కన్ను. కోపంల అమ్ముకున్న, నా తప్పు. కని ఇది ఇంక ఉత్త ఇనుము. తీస్కపోండ్రి" అని స్టూలు మీదికి తిరిగి వెళ్లి గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

నేను నిలబడలేకపోయాను, కూర్చోలేకపోయాను. పదడుగుల గదిలో తలుపు నుంచి గోడకు, గోడ నుంచి తలుపుకు నడిచాను. టేపుతో కొలిచి గాట్లు పెట్టేద్దామన్నాను. ఏ కొలతలు? అంకెలు ఆయనకు గుర్తులేవు, అన్నీ వేలికే తెలుసు. వేలిని అడిగితే చెప్తుందా?

"జర కూసో అమ్మా, నాకు కండ్లు తిరుగుతున్నయి" అంది రత్నమ్మ. తర్వాత మొగుడివైపు తిరిగింది. "ఏందయ్యా, గోడకు జెప్తున్నవా? ఈ లైన్ల తలుపుల చీలలెవరు జేసిండ్రు?"

"నేనే."

"కిటికీ కొక్కేలు? గొళ్లేలు? బకెట్ల చెవులు?"

"నేనే. ఎందుకడుగుతున్నవ్?"

"కంపెనీ ఇండ్లన్ని ఒక్కటే కొలత గదా! ఈమె తుడిచింది ఒక్క వైసు మీదనే. ఊర్ల తలుపులన్ని తుడిచిందా?"

ఎవరూ మాట్లాడకముందే రోకలి తెచ్చి, తమ ఇంటి తలుపు పై మడతబందు చీలను కింది నుంచి రెండు దెబ్బల్లో పైకి లేపి ఊడబీకింది. తలుపు నా భుజం మీదికి ఒరిగింది. దాన్ని గోడకు ఆనించడమే ఆ రోజు నేను చేసిన మొదటి ఉపయోగపడే పని. ఒక కొలత దొరికింది. బకెట్ చెవి కూడా ఇంట్లోనే దొరికింది. వాళ్ల కిటికీకి కొక్కెం ఎప్పుడో పోయి దారం కట్టుకున్నారు, గొళ్లెం తుప్పుకు అరిగిపోయింది. ఆ రెండిటి కోసం పక్కింటికి వెళ్లాం.

పక్కింటి రాజవ్వ గడప దగ్గరే ఆపింది. "మెల్లగ అక్కా! రాత్రి షిఫ్టు దిగి పన్నడు. లేస్తె ఆ వైసుల నా మెడ బిగిస్తడు." లోపల నులకమంచం మీద ఆమె భర్త కొమురయ్య బోర్లా పడుకున్నాడు. రత్నమ్మ కిటికీ కొక్కెం తిప్పుతుంటే అది కింద పడకుండా నేను కొంగు పట్టాను. గొళ్లెం దగ్గరికి వచ్చేసరికి కీచుమంది.

మంచం మీంచి, కళ్లు తెరవకుండానే, గొంతు వచ్చింది. "యేసన్న కోసమేనా?"

"అవ్" అంది రాజవ్వ.

"తలుపు గుడ తీస్కపోండ్రి. సప్పుడు మాత్రం జెయ్యకుండ్రి."

నాలుగు ముక్కలూ బల్ల మీద పరిచాం. యేసుదాసు ఒక్కొక్కటీ వేళ్లతో తడిమాడు, చిన్నప్పటి స్నేహితుల్ని గుర్తుపట్టినట్టు. నేను ముక్కను అంచు మీద పట్టుకుంటే, ఆయన గోరుతో కొన వెతికి, ముక్కోణపు ఆకురాయితో గాటు కోయాలి. మొదటి గాటు దగ్గరే ఆగాడు.

"వేలు జారుతున్నది. ఏం బూసినవు దీనికి?"

"రంగు. రెండు పూతలు."

"ఇనుముకు పౌడరెందుకమ్మా!"

ఆ అంచు మీది రంగంతా నా చేత్తోనే గీకేశాను. వీధిలో ఎవరూ ఆగి చూడలేదు, అదొక్కటే మేలు.

నాలుగు గాట్లు పడ్డాయి. "ఐదోది?" అన్నాను.

"అది బాయిల వాడిన కొలత. ఆడికింక పోను గదా." ఆకురాయి కింద పెట్టాడు. "ఉండనియ్యి, గంత జాగ ఖాళీగనే ఉండనియ్యి."

ఇక పరీక్ష. రత్నమ్మ మూలనుంచి కొత్త కడ్డీ తెచ్చిచ్చింది. ఆయన దాని కొనను దవడ అంచు మూలకు ఆనించాడు, బొటనవేలు మొదటి గాటు మీద పెట్టి గురుతు గీసుకున్నాడు, వైసులో బిగించి కోత మొదలుపెట్టాడు. ముక్క కింద పడింది. చివర్లు నున్నగా రుద్ది, నేనూ రత్నమ్మా తలుపు ఎత్తిపట్టుకుంటే, మడతబందులో దించాడు. సగం దాకా వెళ్లి ఆగింది. ఆయన తలుపును వెంట్రుకవాసి పైకెత్తమన్నాడు. ఎత్తాం. చీల జారి కింది దాకా దిగింది. రెండు కొనలూ తడిమి చూసుకున్నాడు. ఇటు ఎక్కువ లేదు, అటు తక్కువ లేదు. తలుపు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు.

"అన్నం వెట్టు" అన్నాడు.

పచ్చిపులుసు, ఎండుచేపల వేపుడు. ఆయన రెండోసారి అన్నం అడిగినప్పుడు రత్నమ్మ గిన్నెలోకి వంగి చాలాసేపు గరిటె వెతికింది. గరిటె ఆమె చేతిలోనే ఉంది. డబ్బు సంగతి ఎత్తబోతే, నా ముద్దను నేను ప్రశాంతంగా తింటానన్నాను.

మేం చేతులు కడుక్కునేసరికి రాజవ్వ విరిగిన బకెట్‌తో గడపలో నిలబడింది. వెనక ఇంకో ఆవిడ చేతిలో కిటికీ రెక్క. యేసుదాసు అప్పటికే కొమురయ్య ఇంటి గొళ్లేనికి జత కోస్తున్నాడు.

"యేసన్నా, మా బకెట్ ఎప్పుడిస్తవ్? రేపటికైతదా?" అంది రాజవ్వ.

ఆయన రంపం ఆపలేదు, తల ఎత్తలేదు. "డ్యూటీల ఉన్న, కనవడ్తలేదా? పక్కకు నిలవడు, వెలుతురు అడ్డమొస్తున్నవ్."

వెలుతురుతో ఆయనకేం పనో ఎవరూ అడగలేదు. రాజవ్వ పక్కకు జరిగింది. నేనూ జరిగాను.

తిరుగు బండిలో కూర్చోలేక తలుపు దగ్గరే నిలబడ్డాను. ముప్పై ఏళ్లు పిల్లల నోటుబుక్కుల్లో నాకు అర్థం కాని గీతల్ని ఎర్రసిరాతో కొట్టేశాను. లెక్క పక్కన చుక్కలు, అంచుల్లో గళ్లు, ఏవేవో గుర్తులు. శుభ్రంగా రాయమని బెత్తంతో చెప్పాను కూడా. ఇవేమిటని ఒక్కర్నీ అడిగిన గుర్తు లేదు. వాళ్ల ఊళ్లు కొన్ని తెలుసు, పేర్లు చాలానే తెలుసు. ఇంటికి వచ్చి వారమైంది, ఒక్కొక్కర్నీ వెతికి అడగడానికి తిరుగుతున్నాను, కోడలు నన్ను కూర్చోమని చెప్పడం మానేసింది.

పాత పనిముట్టు పట్టుకుని మీరూ ఆ దారిన వెళ్లేటట్టయితే ఒక్క మాట. మధ్యాహ్నం మూడింటికి సైరన్ మోగి షిఫ్టు మారుతుంది. ఆ తర్వాత గంటసేపు గోదావరిఖని నుంచి రామగుండం బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు, సాయంత్రం బండి తప్పుతుంది. రెండున్నరకల్లా బయల్దేరండి. నేను మూడుంబావుకు బయల్దేరాను, ఒంటికాలి మీద వచ్చాను.