బైబిలమ్మ శనివారం అడిగే ప్రశ్న

శుక్రవారం ఉదయం మా సంఘ కమిటీ వాట్సాప్ గ్రూపులో పాస్టరు గారి సందేశం వచ్చింది. మా బైబిలమ్మ ప్రభువునందు నిద్రించారు. కొద్ది నిమిషాల్లోనే కమిటీ సభ్యులందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఆ తరువాత కోశాధికారి గారు ఇలా రాశారు: "కార్యదర్శి గారు సంతాప తీర్మానం సిద్ధం చేయవలసినదిగా కోరడమైనది."

కార్యదర్శిని నేనే.

సంతాప తీర్మానానికి మా సంఘంలో ఒక నమూనా ఉంది. అందులో పూరించవలసిన ఖాళీలు మూడు: నిర్వహించిన పదవులు, ప్రసంగించిన సభలు, కట్టించిన కట్టడాలు. ఆ మూడు ఖాళీల ఎదుట చాలాసేపు కూర్చున్నాను. బైబిలమ్మ ఏ పదవీ నిర్వహించలేదు. ఏ సభలోనూ ప్రసంగించలేదు. ఆమె కట్టించినది గుడి వెనుక ఒక కోళ్ళ గూడు మాత్రమే, అది కూడా కమిటీ అనుమతి లేకుండా. తీర్మానం రెండు వాక్యాలతో ముగిసింది, ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. అందులో పట్టని సంగతులను పాఠకుల ముందు ఉంచడమే ఈ రాతకు ఉద్దేశం.

సంఘం తరఫున ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్ళ పక్కన కూర్చుని ప్రార్థన చేసే స్త్రీని మా వైపు బైబిలమ్మ అంటారు. మాది కృష్ణపట్నం రేవుకు ఉత్తరాన ఇసుక దిబ్బల మీద ఉన్న పల్లె. సగం ఇళ్ళవాళ్ళు పడవల మీద బతుకుతారు, మిగతా సగం పోర్టు కంపెనీల బస్సు ఎక్కుతారు. నాకు ఊహ తెలిసేనాటికే ఆమె మా ఊళ్ళో బైబిలమ్మ. మనిషి సన్నం. చంకలో తువ్వాలు చుట్టిన బైబిలు, చేతిలో నల్ల గొడుగు. ఏ ఇంట్లోనూ కుర్చీ మీద కూర్చునేది కాదు. ఆ ఇంటామె రొయ్యలు ఒలుస్తుంటే తనూ నేల మీద కూర్చుని ఒలిచేది, బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే తనూ ఏరేది. పని ముగిశాక, ఆ చేతులు కడుక్కోకుండానే ప్రార్థన చేసేది. ఆ ప్రార్థన పొయ్యి మీది అన్నం పొంగే లోపల అయిపోయేది.

"అంత చిన్న ప్రార్థనేందమ్మా?" అని ఒకసారి అడిగాను.

"అన్నం మాడితే ఆ ఇంటాయన ఆమెను తిడతాడు. నేను ఒక ఇంట్లో ప్రార్థన చేసి ఇంకో కొట్లాట పెట్టి రావాల్నా అబ్బయా?"

ఆమె ప్రసంగాలు చేయలేదు గానీ కొన్ని మాటలు వదిలివెళ్ళింది. ఒకరోజు మా ఇంటి వాకిట్లో, ఒక పెద్దమనిషి తన భక్తిని గురించి సుదీర్ఘంగా సాక్ష్యం చెప్పుకొని వెళ్ళిన తరువాత, ఆమె గొడుగు విప్పుతూ అన్న మాట ఇది: "ఉప్పు నేనుండానని చెప్పదు. లేకపోతే కూరే చెప్పుద్ది."

ఇప్పుడు ఒక సంగతి ఒప్పుకోవలసి ఉంది. మా సంఘంలో ఆత్మీయ ఎదుగుదల పట్టికను ప్రవేశపెట్టినది నేను. చదివిన అధ్యాయాలు, ప్రార్థించిన నిమిషాలు, చేసిన ఉపవాసాలు, ఆరాధనకు హాజరు, చెప్పిన సాక్ష్యాలు, మొత్తం. ప్రతి విశ్వాసీ వారం వారం దీన్ని పూరించి ఆదివారం నాకు అందజేయాలి. ఈ పథకం ఊహించని విజయం సాధించింది. ప్రార్థన నిమిషాలు అమాంతం పెరిగాయి. ఒక పెద్దాయన సెల్‌ఫోనులో గడియారం నడిపించి మోకరించేవాడు. పెళ్ళి విందు తిన్న మరునాడు ఊరంతా ఉపవాసం ఉండేది, ఆ ఉపవాసాలన్నీ పట్టికలో సగర్వంగా నమోదయ్యేవి.

బైబిలమ్మ తన పట్టికను ఖాళీగా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"చూపు ఆనడంలా. నువ్వే రాయి అబ్బయా."

"ఏం రాయమంటారమ్మా?"

"ఈ వారం ఎదగలేదని రాయి."

"అలా రాయడానికి గడి లేదమ్మా."

"లేకపోతే గీయి." కొంచెం ఆలోచించి మళ్ళీ అంది. "పోయిన వారం పక్కింటామె మీద కోపం రవ్వంత తగ్గింది. దానికన్నా గడుండాదా?"

లేదని చెప్పాను. విచారంగా తల ఊపింది. నాకోసం విచారించిందని అప్పుడు తెలియలేదు.

ఆ ఏడాదే సంఘ పెద్దల ఎన్నిక వచ్చింది. పట్టికలో మొత్తం తక్కువైనవారు అనర్హులని నియమం పెట్టాం. నా సొంత తమ్ముడు పోటీకి పేరు ఇచ్చాడు. వాడిది పోర్టులో షిఫ్టు డ్యూటీ. మూడు ఆదివారాలకు ఒక ఆదివారం గుడికి వచ్చేవాడు. నేను ఎన్నికల అధికారిని. గుడిలో అందరి ఎదుటా పట్టిక చదివాను, పైనుంచి కిందికి, ఒక్క పేరూ వదలకుండా. పట్టిక పూరించినవాళ్ళలో అందరికంటే చివర వాడి పేరు వచ్చింది. బంధుప్రీతి చూపలేదని నన్ను ఇద్దరు పెద్దలు అభినందించారు.

తమ్ముడు లేచి వాకిలి దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "అన్నా, అమ్మను ఎత్తి నీళ్ళు పోసిందానికి నీ పట్టికలో గడి యాడుండాది?"

ఆ ఏడాదంతా మా అమ్మ మంచంలోనే ఉండి, చివరికి చనిపోయింది. షిఫ్టు దిగి వచ్చి ఆమెను ఎత్తి స్నానం చేయించినది తమ్ముడు, అన్నం పెట్టినది మరదలు. నేను ఉపవాస కూటాల ఏర్పాట్లలో తీరిక లేకుండా ఉన్నాను. వాడి ప్రశ్నకు ఆ రోజు నేను ఇచ్చిన సమాధానం, ఇది సమయం కాదని. తమ్ముడు మళ్ళీ గుడికి రాలేదు, నాతో మాట్లాడలేదు. మా ఇళ్ళ మధ్య దూరం రెండు సందులు. ఆరేళ్ళు గడిచాయి. పట్టికను మాత్రం మరుసటి ఏడాదే, జిరాక్స్ మిషను చెడిపోయిన కారణంగా, నిలిపివేశాం.

ప్రతినెలా మొదటి ఆదివారం మాకు ప్రభువు బల్ల ఉంటుంది, రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటాం. దానికి ముందు రోజు, శనివారం, బైబిలమ్మ అన్ని ఇళ్ళూ తిరిగేది. ప్రతి ఇంట్లో ప్రతి మనిషినీ అడిగే ప్రశ్న ఒకటే. "రేపు బల్లకాడికి వస్తావు గదా. ఎవురితో మాట్లాడకుండా ఉండావు?"

నేను ఆరేళ్ళూ ఒకే సమాధానం సమర్పించాను. "నా వైపు నుంచి ఏ అభ్యంతరమూ లేదమ్మా. మాట్లాడనిది వాడు."

ఆమె కూడా ఆరేళ్ళూ ఒకే జవాబు చెప్పింది. "నేను వాడి గురించి అడగలా."

రెండేళ్ళ కిందట ఆమె మీద కమిటీకి ఒక ఫిర్యాదు అందింది. బైబిలమ్మ కళ్ళు తెరిచి ప్రార్థన చేస్తున్నారని. విచారణ జరిపాం. పాస్టరు గారు మెత్తగానే అడిగారు.

"మూసుకునేదాన్నే అయ్యగారూ," అంది. "ఒకసారి మూసుకోనుంటే పిల్లి వంజరం చేప ముక్క ఎత్తకపోయింది. ఆ ఇంటామె ఆమెన్ అనాల్సినకాడ పిల్లిని బూతులు తిట్టింది. అప్పట్నించి తెరిచే చేస్తుండా. తెరిస్తే ఆ ఇంట్లో ఏం తక్కువుండాదో కూడా కనపడతాది."

కమిటీ సుదీర్ఘంగా చర్చించి, శనివారం సందర్శనలకు ఒక పరిశీలకుణ్ణి పంపాలని తీర్మానించింది. ఆ పరిశీలకుణ్ణి కూడా నేనే.

ఆ విధంగా రెండేళ్ళపాటు నెలకొక శనివారం ఆమె వెనుక నడిచాను. ఆమె చూపు తగ్గిన కొద్దీ నా పరిశీలన బైబిలు మోయడానికి, గొడుగు పట్టడానికి విస్తరించింది. ఆమె తిరిగే వరుసలో చివరి ఇల్లు తమ్ముడిది. మిగతా ఇళ్ళలో అరుగు దాకా వెళ్ళే పరిశీలకుడు అక్కడ గేటు బయటే ఆగిపోయేవాడు. పరిశీలకుడు కొంత దూరం పాటించాలన్నది నేను పెట్టుకున్న నియమం. లోపలినుంచి ఆమె నవ్వు, మా మరదలి నవ్వు వినిపించేవి.

"ఎవురో గేటుకాడ నిలబడుండారే బైబిలమ్మా," అనేది మరదలు, నాకు వినపడేటట్టే.

"వాడా, నా గొడుగు మోసేవాడులే. ఎండలో నిలబడితే వాడికి మంచిది."

మొన్నటి వానల తరువాత ఆమె కాళ్ళు వాచాయి. గుండె బలహీనపడిందని నెల్లూరులో డాక్టరు చెప్పారు. నడవవద్దన్నారు. ఆ నెల శనివారం నన్ను మంచం దగ్గరికి పిలిచింది.

"ఈసారి నువ్వు పో. నా బదులు నువ్వే అడుగు."

వెళ్ళాను. కార్యదర్శి హోదాలో నేను వేసిన ప్రశ్నలకు ప్రజలు ఇంత చురుగ్గా స్పందించడం అంతకుముందు ఎన్నడూ చూడలేదు. ఒక ముసలి పడవ మనిషి వల దులుపుతూ నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "నువ్వా అడిగేది?" అన్నాడు. ఒక అత్త, "నా కోడలితో. రాసుకో," అంది. రాయనని చెబితే, "రాయకపోతే నువ్వెందుకు వచ్చినావు?" అని ఆశ్చర్యపోయింది. అన్ని ఇళ్ళూ అయ్యాయి, చివరి ఇల్లు తప్ప. ఆ గేటు దాకా వెళ్ళాను. గొడుగు పట్టడానికి బైబిలమ్మ వెంట లేదు కాబట్టి అక్కడ నిలబడటానికి కారణం దొరకలేదు. వెనక్కి తిరిగాను.

బైబిలమ్మకు నివేదిక ఇచ్చాను. అన్ని ఇళ్ళ సందర్శన పూర్తయినదని.

"తమ్ముడింటికి కూడా పోయినావా?"

"పోయానమ్మా."

"ఏం వండినారు?"

"చేపల పులుసు," అన్నాను. మా పల్లెలో ఇంతకంటే సురక్షితమైన సమాధానం లేదు.

"నీ మరదలు శనివారం నీసు ముట్టదబ్బయా. పుట్టింటి ఆచారం, ఇంకా మానలా. నేనూ మానమని చెప్పలా. పెళ్ళై పద్నాలుగేళ్ళాయె, ఆ సంగతి నీకు తెలీదే."

కోపంగా అనలేదు. మందలించనూ లేదు. నా చెయ్యి పట్టుకొని, ఆ కళ్ళు తెరిచి ఉండగానే, ఒక చిన్న ప్రార్థన చేసింది. తరువాత, "వచ్చే నెల మళ్ళీ పో," అంది.

ఆ వచ్చే నెల బల్లకు ముందటి శుక్రవారమే ఆమె పోయింది. శనివారం సాయంత్రం సమాధి కార్యక్రమం అని ప్రకటించాం. శనివారం ఉదయం పెట్టెకు, పూలకు మనుషులను పురమాయించి, నేను ఇళ్ళ వరుస పట్టాను. ఈసారి ఎవరూ నన్ను ఎగతాళి చేయలేదు. కొందరు సమాధానం చెప్పకుండా ఏడ్చారు. అత్త మాత్రం, "కోడలితోనే, కానీ నిన్న కూర పంపిచ్చినా," అంది.

చివరి గేటు తీసుకొని లోపలికి వెళ్ళాను. తమ్ముడు షిఫ్టు దిగి వచ్చి, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"ఏంది?" అన్నాడు.

ఆరేళ్ళ తరువాత వాడితో నేనన్న మొదటి మాట ఇది. "ఎవరితో మాట్లాడకుండా ఉన్నావు?"

కుళాయి కట్టేశాడు. "అడిగేదానికి వచ్చినావా, చెప్పేదానికి వచ్చినావా?"

ఈ ప్రశ్నకు నా దగ్గర నమూనా లేదు.

"చెప్పేదానికి," అన్నాను.

"చెప్పు."

"ఆ రోజు పట్టికలో చివర నీ పేరుందని చదవకముందే నాకు తెలుసు. అమ్మను ఎవరు చూసుకుంటున్నారో కూడా తెలుసు. తెలిసే చదివాను. నీకంటే నేను పైనున్నానని ఊరంతా వినాలని చదివాను. తప్పు నాది."

మరదలు గడపలోకి వచ్చి నిలబడింది. "ఎండలో ఎంతసేపు నిలబడతారు, లోపలికి రండి బావగారూ," అంది. తమ్ముడు సరేననలేదు, క్షమించాననీ అనలేదు. తువ్వాలుతో కాళ్ళు తుడుచుకుంటూ, "బైబిలమ్మకు గుంట ఎవురు తీస్తుండారు?" అని అడిగాడు.

"మనుషులు చాలడం లేదు. పడవలన్నీ వేటకు పోయాయి."

"పద," అన్నాడు.

మా ఊరి సమాధుల దొడ్డి ఉత్త ఇసుక దిబ్బ. మోకాటి లోతు తవ్వేసరికి అంచులు జారి, తీసిన గుంట మళ్ళీ పూడుతుంది. అందుకని ఇద్దరు మనుషులు లోపలికి దిగి, రెండు పక్కలా తాటి పలకలు నిలబెట్టి, వాటిని వీపులతో అదిమి పట్టాలి. అప్పుడు పైవాళ్ళు తోడుతారు. పలకకు వీపు ఆనిస్తే మొహం ఎదుటివాడి వైపు ఉంటుంది. ఎటూ తిరగడానికి వీలులేదు.

నేను ఒక పలకకు, తమ్ముడు ఇంకో పలకకు వీపులు ఆనించి నిలబడ్డాం. వాడి గడ్డంలో తెల్ల వెంట్రుకలు వచ్చాయని అప్పుడు చూశాను. వాడు నా మొహంలో ఏం చూశాడో తెలియదు. పైన పారలు పడుతున్నాయి. వీపు వెనుక దిబ్బ బరువు తెలుస్తోంది.

"కదలబాక," అన్నాడు తమ్ముడు. "నువ్వు కదిలితే ఇద్దరం పూడుకుపోతాం."

"కదలను," అన్నాను.

పలకల సందుల్లోంచి ఇసుక సన్నగా జారి, మా నాలుగు పాదాలను కలిపి కప్పేస్తోంది.