నిద్రపోతున్న విలుకాడు

కళ్ళజోళ్ళ షాపాయన కొత్త అద్దాలు ముక్కు మీద నిలబెట్టి, చెవుల వెనక కాడలు సర్దుతూ, మనిషి తల తిప్పలేని ఆ క్షణంలోనే అడుగుతాడు: "పాచికలతో కథలాట ఆడుతున్నాం, ఒక్కొక్కరిదీ ఒక్కో పాత్ర, కథ నడిపేది నేను. ఆదివారం మా ఇంటికొస్తారా?" చాలామంది అదీ కంటిపరీక్షలో భాగమేననుకుని తలూపుతారు, రారు. ఈసారి టైలరమ్మ నిజంగానే వచ్చింది. బల్ల మీద నిలబడ్డ పాత్రల బొమ్మల మధ్య, పడుకోబెట్టి ఉన్న విలుకాణ్ణి చూసి, "నాకితను కావాలండీ," అంది. ఆయన గబుక్కున బొమ్మ మీద అరచెయ్యి కప్పాడు.

"ఇది మా తమ్ముడి బొమ్మమ్మా. వాడి పాచిక తప్పిందని నేను నవ్వితే, అలిగి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ కథలో ఇతన్ని గుహలో నిద్రపుచ్చి ఉంచాను."

"మరి లేపండి. కథ నడిపేది మీరేగా?"

"చచ్చిన రాక్షసుణ్ణయినా లేపుతాను గానీ, ఇతన్ని లేపాలంటే ముందు నేను వాడికి ఫోన్ చెయ్యాలి," అంటూ మంత్రగత్తె బొమ్మను ఆమె వైపు జరిపాడు.