గుర్రం మీద వచ్చినాయన

మా తోటికోడలు మూడు వారాల ఆన్‌లైన్ కోర్సు చేసి టారో కార్డులతో జోస్యం చెప్పడం మొదలుపెట్టింది. అంతకు ముందు కేకులు నేర్చుకుంది. ఆ కేకులు తిన్నవాళ్ళం కాబట్టి కార్డులే నయమనుకున్నాం. ఒక ఆదివారం భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ హాల్లో ఉండగా కార్డులు నా ముందు పరిచి, "మనసులో ఒక ప్రశ్న అనుకుని ఒకటి తియ్యక్కా," అంది.

నా ప్రశ్న సిద్ధంగానే ఉంది. విజయవాడలో పాతికేళ్ళుగా కూచిపూడి నేర్పుతున్నాను. ఏటా మా పిల్లల వార్షికోత్సవంలో చివరి అంశం నాదే. ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి ఆడే తరంగం. ఈ ఏడు కుడి మోకాలు అరిగిపోయిందని, పళ్ళెం సంగతి అలా ఉంచి అసలు ఆటే మానుకోమని డాక్టరు చెప్పేశాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఈ ఒక్కసారికైనా ఆడగలనా అనుకుని కార్డు తీశాను.

వచ్చింది మృత్యువు. నల్ల కవచం తొడుక్కున్న అస్థిపంజరం తెల్ల గుర్రం మీద వస్తోంది. కింద ఒక రాజు వెల్లకిలా పడి ఉన్నాడు. ఒక మతగురువు చేతులు జోడించి బతిమాలుతున్నాడు. దూరంగా రెండు బురుజుల మధ్య సూర్యుడు. "కంగారు పడకండి, ఇది చావు కాదు. ఒకటి ముగిసి ఇంకోటి మొదలవడం. ట్రాన్స్‌ఫర్మేషన్," అని తోటికోడలు నోట్సు చూసి చదివింది. ఎవరూ వినలేదు.

కార్డు తీసింది నేనైతే, అది తమకే వచ్చిందని ఎవరికి వాళ్ళు అనుకున్నారు. ఎనభై దాటిన మా అత్తగారు "నాకు పిలుపొచ్చిందర్రా" అని ప్రకటించి, షుగరున్నా సరే సాయంత్రానికల్లా పూర్ణాలు చేయించుకుని తిన్నారు. మావారు మర్నాడు పరగడుపునే రక్తపరీక్షలకి వెళ్ళి, రిపోర్టులన్నీ బాగున్నాయనేసరికి కాస్త చిన్నబోయారు. మా మరిది కారుని ఆటోనగర్ తీసుకెళ్ళి బాగున్న బ్రేకులు మార్పించాడు. నీకేమైనా బాగోలేదా అని నన్ను అడిగినవాళ్ళు లేరు. అడిగినా చెప్పేదాన్ని కాదనుకోండి.

ఆఖరికి పంతులుగారిని పిలిచారు. ఆయన కళ్ళజోడు పైకెత్తి కార్డు చూసి, "యమధర్మరాజు దున్నపోతు మీద వస్తాడండీ. ఈ గుర్రమాయన మన శాస్త్రంలో లేడు," అన్నారు. మేం ఊపిరి పీల్చుకునేలోపే, "అయినా మృత్యుంజయ హోమం చేయించేయండి, ఎవరొచ్చినా వెనక్కి పోతారు," అని ముహూర్తం పెట్టేశారు. అట్టముక్క మీది బొమ్మకి శాంతి చేయించిన ఇల్లు ఈ చుట్టుపక్కల మాదొక్కటే అయ్యుంటుంది.

శాంతి అంటే దంపతులు పీటల మీద కూర్చోవాలి. రెండున్నర గంటలు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. పూర్ణాహుతి వేళకి "లేవండమ్మా," అన్నారు పంతులుగారు. మావారి భుజం పట్టుకుని లేవబోతే మోకాలు కలుక్కుమంది. మళ్ళీ పీట మీదే కూలబడ్డాను. అందరూ నన్నే చూస్తున్నారు. ఇక దాచి లాభం లేదు.

"మోకాలు పోయింది. డాక్టరు మానెయ్యమన్నాడు. ఇంక నేను ఆడలేను," అన్నాను. అలా పైకి అన్నాక గానీ నాకూ నమ్మకం కుదరలేదు.

అత్తగారు గుండె మీద చెయ్యేసుకుని, "అమ్మయ్య, ఇంతేనా! ఎవరికేం మూడిందో అని హడలిచచ్చాం," అన్నారు. "ముగింపేనని చెప్పానా లేదా!" అని తోటికోడలు చప్పట్లు కొట్టింది. వారం రోజులుగా పాలిపోయి ఉన్న మావారి మొహంలోకి మళ్ళీ రంగు వచ్చింది. పులిహోర గిన్నె వచ్చింది, విస్తళ్ళు వచ్చాయి, నవ్వులు మొదలయ్యాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడేళ్ళ వయసులో గజ్జె కట్టిన మనిషి ఒకతి ఆ పూట ఆ పీట మీదే పోయింది. ఆమె కోసం ఆ ఇంట్లో ఏడ్చింది నేనొక్కదాన్నే. అది కూడా హోమం పొగ వల్లేననుకుని మావారు కిటికీ తెరిచారు.