ఇసుక గోడకు చెప్పిన సాక్ష్యం

ఆ రోజుల్లో నాకు దేవుని మీద ఎంత విశ్వాసముండేదో, నా తెలివి మీద అంతకంటే రవ్వంత ఎక్కువే ఉండేది. బీఎస్సీ రెండో ఏడు చదువుతూ హైదరాబాదు శాలిబండలోని మా చిన్న ప్రార్థన మందిరంలో పెద్ద డ్రమ్ము వాయించేవాణ్ణి. గోడ అవతల గాజుల అక్క ఇల్లు. (భర్త లాడ్ బజార్లో గాజులు అమ్మేవాడు కాబట్టి మాకు ఆమె పేరే అది.) ఆయనకు గుండె ఆపరేషనైంది. "అయ్యగారూ, మనిషి జర పండుకుంటే చాలు, ఆ దరువుకు ఉలిక్కిపడి లేస్తుండు" అని ఆమె మా పాస్టరు అయ్యగారితో మొరపెట్టుకుంది. నేనున్నానంటూ ముందుకొచ్చి, గోడకు జానెడు ఎడంగా చెక్కలు నిలబెట్టి, ఆ సందంతా ఇసుకతో దట్టంగా కూరాను. అక్కను అవతల నిలబెట్టి ఇవతల ఒక కీర్తన గట్టిగా చదివాను. "ఒక్క మాట ఇనవడలే తమ్మీ" అందామె. ఇంకేం! ఆ శుక్రవారం ఉపవాస కూటంలో లేచి, ప్రభువు నాకు ఇసుక గోడ జ్ఞానమిచ్చాడని సాక్ష్యం చెప్పేశాను. సంఘమంతా "స్తోత్రం" అంది. ఆ ఊపులో డ్రమ్మును రెట్టింపు బాదాను.

వారం తిరక్కముందే అక్క మళ్లీ వచ్చింది. "దరువు గట్లనే వస్తుంది తమ్మీ." సంఘం ముందు సాక్ష్యం చెప్పిన నోరు, ఎలా ఒప్పుకుంటుంది? "ఇసుకలకెల్లి సప్పుడు రాదక్కా. అది నీ మనసుల భయం. ప్రార్థన చేసుకో" అన్నాను. (ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చెవులు కాలుతున్నాయి.) పక్కనే ఉన్న అయ్యగారు, "ఇయ్యాల డ్రమ్ము ఇంకొకలు కొడ్తరు. నువ్వు వోయి ఆళ్లింట్ల కూసో" అన్నారు.

వెళ్లి అక్క భర్త మంచం పక్కన కూర్చున్నాను. అవతల పాట మొదలైంది కాబోలు, ఒక్క పదం వినపడలేదు. దరువు మాత్రం తిన్నగా వచ్చింది. దెబ్బ పడ్డప్పుడల్లా ఆయన చెయ్యి ఛాతీ మీదికి పోయేది. చదివి పరీక్షలో రాసేసిన పాఠం అప్పుడు అర్థమైంది. కిక్కిరిసిన రేణువుల మధ్య సన్నని స్వరాలు తలో దారిన చెదిరిపోతాయి. డ్రమ్ము మోతలాంటి పొడుగాటి అలకు ఆ రేణువులన్నీ ఒకటే ముద్ద. ఒకటి పక్కదాన్ని నెడుతూ మోతను గోడ దాటించేస్తాయి. ఆపాల్సింది డ్రమ్మునైతే, నేను పరీక్షించింది నా గొంతును!

ఆయన నీరసంగా నవ్వాడు. "మీ దేవుని మాట ఒక్కటన్న ఇందామంటే రాదు తమ్మీ. నీ లొల్లి మాత్రం మస్తుగొస్తది."

తరవాతి శుక్రవారం లేచి నా సాక్ష్యం వెనక్కి తీసుకున్నాను. మా సంఘంలో అలాంటిది ఎవరూ ఎరగరు. "స్తోత్రం" అనాలో వద్దో తెలియక అందరూ అయ్యగారి వంక చూశారు. వెనక వరసలో ఒక ముసలమ్మ మాత్రం అలవాటు కొద్దీ అనేసింది. అక్క భర్త కోలుకొని దుకాణానికి పోయేదాకా మేం డ్రమ్ము ముట్టలేదు.

ఇప్పుడు ఆ మందిరంలో నేనే వాక్యం చెబుతున్నాను. ఎవరైనా కుర్రాడు మెరిసే కళ్లతో సాక్ష్యానికి లేస్తే, ఆనాటి బక్కపలచని డ్రమ్ము వీరుడు గుర్తొస్తాడు. ఆ వీరుణ్ణే పక్కన కూర్చోబెట్టుకొని, "బిడ్డా, నువ్వు గోడ అవతల కూసొని చూసినవా?" అని అడగాలనిపిస్తుంది. వాడు వినడు, నాకు తెలుసు. అయినా కోపం రాదు. తల దించుకొని కాస్త నవ్వుకుంటాను.