నెల తప్పిన తారీఖు

మా ఇంట్లో వెనుక గది తలుపు చాటున, నేల నుంచి నాలుగడుగుల ఎత్తున, గోడ మీద ఒక అంకె ఉంది: 280. దాని చుట్టూ గుండ్రంగా ఒక గీత. యంత్రాల నూనెలో ముంచిన పుల్లతో రాసినది కాబట్టి, మూడుసార్లు సున్నం వేయించినా ప్రతి వానాకాలం అది గోడలోంచి పైకి తేలుతుంది. రాసింది నేనే. నా జీవితంలో అంత నిశ్చయంగా నేను రాసిన అంకె మరొకటి లేదు.

ఇందులో పేర్లు, సంవత్సరం రాయడం లేదు. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఒకదాని తరువాత ఒకటి ఆగిపోయిన ఏళ్ళలో ఒకటి అని చెప్తే చాలు. అప్పుడు నేను వైపని చేసేవాణ్ణి. సాంచె మీద నేత పూర్తికావచ్చిన పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా ముడివేయడమే వైపని. ఒక పడుగులో మూడు వేలకు పైగా పోగులుంటాయి. మొదటి పోగును దాని జతకు కాక పక్కదానికి కలిపామంటే ఆ తప్పు అక్కడ కనిపించదు. మిగతా ముడులన్నీ వేశాక, ఆ చివర ఒక పోగు ఒంటరిగా మిగిలినప్పుడు తెలుస్తుంది. పదకొండేళ్ళ పనిలో నాకలా ఒక్కసారి కూడా మిగలలేదు. అందువల్ల నా లెక్క మీద నాకు గొప్ప నమ్మకం ఉండేది.

దీపావళి మరునాడు పొద్దున నా భార్య చెంబు చేతిలో పట్టుకొని గడపలో నిలబడి, "బావా, నెల తప్పింది" అన్నది. ఆమె మా మేనత్త బిడ్డ. పెళ్ళికి ముందూ తరువాతా నన్ను బావా అనే పిలిచింది. జేబు పుస్తకం తీసి ఆ రోజు తారీఖు రాసుకున్నాను. దాని పక్కన ‘1’ అని వేశాను. అక్కడి నుంచి రెండు వందల ఎనభై రోజులు లెక్కగట్టి, చివరి అంకెను గోడకెక్కించాను.

మూడో నెలలో ఆసుపత్రికి తీసుకుపోయాను. బల్ల వెనుక కూర్చున్న నర్సమ్మ తల ఎత్తకుండానే, "నెల ఏ తారీఖు?" అని అడిగింది. నా భార్య నోరు తెరిచింది. ఆమె మాట బయటికి రాకముందే నేను పుస్తకం తెరిచి తారీఖు చదివాను.

"అబ్బ! గిట్ల రాసుకచ్చెటోల్లు ఎవలున్నరమ్మా? అదృష్టవంతురాలివి" అని నర్సమ్మ ఆ తారీఖునే కార్డు మీద వేసింది.

బయటికి వచ్చాక, "ఏందో చెప్పబోయినవ్?" అని అడిగాను.

"ఏం లేదు బావా. నువ్వు చెప్పినవ్ గద" అన్నది.

మేం అద్దెకున్నది ఒక ఆసామి, అంటే సాంచాల యజమాని, షెడ్డు వెనుక రెండు గదుల్లో. ముందు షెడ్డులో నాలుగు సాంచాలు నడిచేవి. రెండు గదుల్లో ఒకదాంట్లో వంట, పడక. రెండోది పాడుబడి ఉండేది. దాని కొలత పదడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు. మట్టినేల ఎలుకలు తవ్వి గుంతలు పడ్డది. ఆ గదిని బిడ్డ కోసం తయారు చేయాలని నిర్ణయించుకున్నాను. ఏ పని ఏ రోజుకు ముగియాలో వరుసగా రాసుకున్నాను: నూలు దుమ్ము రాకుండా షెడ్డు వైపు కిటికీ మూయడం, పైకప్పు పెంకులు మార్చడం, సున్నం, ఊయల కొండి, చివరగా సిమెంటు నేల. అన్నీ రెండు వందల నలభయ్యో రోజుకు పూర్తయి, గది ఆరడానికి నలభై రోజులు మిగలాలి.

మా వాడలో ఇరవై రెండు తలుపులుండేవి. నేను కిటికీ మూసిన వారంలో రెండింటికి తాళాలు పడ్డాయి. ఆ ఇళ్ళవాళ్ళు మగ్గాల పని వెతుక్కుంటూ భివండి బస్సెక్కారు. పెంకులు మార్చేనాటికి తాళాలు ఐదు. రోజూ పనికి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ వాటిని లెక్కించడం అలవాటైంది. తాళం వేసిన తలుపు మొదటి నాడు మామూలుగానే ఉంటుంది. పదో నాటికి గడప మీద దుమ్ము పేరుకుంటుంది. నెలకు ఆ గుమ్మంలో కుక్క పడుకుంటుంది.

కడుపులో బిడ్డ ఐదో నెల దాటాక కదలసాగింది. పొద్దున సాంచాలు మొదలుకాగానే తన్నేదట. "సప్పుడు గుర్తువడ్తాంది బావా, కార్ఖానల పనిచేసేటట్టే ఉన్నది" అని నా భార్య నవ్వేది. నేను ఆ తన్నులు కూడా రాశాను. సాంచాలు మొదలైన గంటలో తొమ్మిది, పది, ఒక్కోనాడు పన్నెండు.

రెండు వందల పదమూడో రోజున మా అత్త కోరుట్ల నుంచి వచ్చింది. తొలికాన్పు తల్లిగారింట్లో జరగాలి; కూతురిని తీసుకుపోవడానికి వచ్చింది. ఆమె బీడీలు చేసే మనిషి, మాట కంటే చెయ్యి వేగం. గదిలోకి తొంగిచూసి దూలానికి దిగ్గొట్టిన కొండిని చూడగానే ఆగిపోయింది.

"ఏం అల్లుడా, పుట్టకముందే ఊయల కొండి గొడ్తరా ఎవలన్న? నీ సదువు గిదేనా?"

"కొండే అత్తా, ఊయల గాదు. పెంకులు దించినప్పుడే కొడితె దూలం పగులది."

"దూలం పగులదట! గా పిల్ల మొకం జూసి మాట్లాడు." ఆమె కూతురి వైపు తిరిగి కడుపును పైనుంచి కిందికి చూసింది. "కడుపు దిగినట్టున్నదేమే. ఎన్నో నెల?"

నేనే జవాబిచ్చాను. "ఏడు నెలలు రెండు వందల పదితోని అయిపోయినయ్. ఎనిమిదో నెల పడి మూడు దినాలాయె."

అత్త కూర్చుంది. ఎనిమిదో నెలలో గర్భిణిని పొలిమేర దాటించరు. ఏడులో తీసుకుపోవాలి, లేదా తొమ్మిదిలో. అది ఆమె తల్లి ఆమెకు చెప్పినది, ఆమె దాటనిది.

"మూడు దినాలే గదా..." అని నసిగింది. "నాకైతే తొమ్మిది వడ్డట్టే కొడ్తాంది."

నేను పుస్తకం తెరిచి చూపించాను. ఆమె చదవలేదు, అంకెల బారును కాసేపు చూసి, ముఖం తిప్పుకుంది. "నీ బుక్కుల ఉన్నంక నేనేం జెప్త? తొమ్మిది వడ్డనాడు తీస్కపోత" అని సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. నా భార్య గడపలో నిలబడి ఆ వీధి మలుపును చాలాసేపు చూసింది. అత్త కళ్ళు సరిగ్గానే చూశాయని, ఆ నాడు ఆమెను పంపవచ్చునని, పంపవలసిందని నాకు ఇరవై మూడు రోజుల తరువాత తెలిసింది.

రెండు వందల ఇరవై ఎనిమిదో రోజున షెడ్డులోని నాలుగు సాంచాలూ ఆగాయి. నూలు రావడం లేదని ఆసామి కరెంటు డబ్బా మూసి, కూలీలను ఇళ్ళకు పంపేశాడు. అప్పటికి వాడలో తాళాలు పద్నాలుగు. పొద్దున లేచి చూస్తే శబ్దం లేదు. అలవాటైన శబ్దం పోతే చెవుల్లో ఒక విధమైన ఒత్తిడి పుడుతుంది. మాట్లాడితే మన గొంతు మనకే పెద్దగా వినిపిస్తుంది. ఆ రోజు బిడ్డ తన్నులు నాలుగు. మరునాడు మూడు.

"సప్పుడు లేకపాయె గద, పండుకున్నట్టున్నది" అన్నాను.

"గట్లనే కావచ్చు" అని ఆమె కడుపు మీద చెయ్యి వేసుకుంది. ఆ చెయ్యి ఇక తీయలేదు.

పని లేదు కాబట్టి ఆ మరునాడే సిమెంటు నేల వేయించాను. కొత్త సిమెంటు పగలకుండా చుట్టూ మట్టి కట్ట వేసి, ఏడు రోజులు రెండంగుళాల నీరు నిలపాలి. నిలిపాను. బిడ్డ కోసం కట్టిన గది నీటితో నిండి, పైన ఒంటరి కొండి ఆ నీటిలో తలకిందులుగా కనిపించేది.

రెండు వందల ముప్పై ఐదో రోజు మధ్యాహ్నం ఆమె నడుం నొస్తున్నదన్నది.

"ఇంకా నలభై ఐదు దినాలున్నయ్" అన్నాను. "ఎనిమిదో నెలల ఉత్తనొప్పులు ఉంటయట."

వంటగది బండల మీద తడి పాదాల గుర్తులు చూశాను. చాప దగ్గర మొదలై పెరటి తలుపు దాకా పదకొండు అడుగులు. కొత్త నేల నీళ్ళలో కాలు పెట్టి వచ్చిందనుకొని, "గా గదిలకు పోకు, జారుతది" అన్నాను. గుర్తులు మొదలైంది చాప దగ్గర. నీళ్ళ గది దానికి అవతలి పక్కన ఉంది. అడుగులు లెక్కించినవాణ్ణి, అవి ఎటు నుంచి ఎటు పోతున్నాయో చూడలేదు.

మరునాడు పొద్దున ఎదురింటి అవ్వ నిప్పు కోసం వచ్చింది. దారం కండెలు చుట్టి బతికే ముసలమ్మ. తాళం పడని ఎనిమిది తలుపుల్లో ఆమెది ఒకటి. గడప దాటి రెండడుగులు వేసి, వంగి బండను వేలితో తాకి, ఆ వేలును ముక్కు దగ్గర పెట్టుకుంది.

"గీ నీళ్ళు యాడియి కొడుకా?"

"సిమెంటు నీళ్ళు అవ్వా."

"సిమెంటు నీళ్ళకు గీ వాసన ఉంటదా?" ఆమె గొంతు మారింది. "బిడ్డా, ఎప్పటిసంది పోతున్నయే?"

"నిన్న పొద్దుగాలటిసంది" అన్నది నా భార్య, గోడకు ఆనుకొని.

"మరి మాట్లాడవేందే!"

"ఇంకా నలభై ఐదు దినాలున్నయన్నడు."

అవ్వ నా వైపు తిరిగింది. "ఏ దినంసంది లెక్కవెట్టినవ్?"

"నెల తప్పిన దినంసంది."

"తప్పిన దినంసందా? తప్పకముందు నెల యాడ పోయిందిరా? గాలికి పోయిందా? గా నెల కడుపుల లేదా?"

మూడు వేల ముడులు వేశాక చివర మిగిలిన ఒంటరి పోగు ఏదో అప్పుడు కనిపించింది.

బండి కోసం వాడంతా తిరిగాను. ఆటో ఉన్న రెండు ఇళ్ళకూ తాళాలే. చివరకు పడుగు చుట్టిన బీములు మోసే ట్రాలీ దొరికింది. నూలు సంచుల మీద ఆమెను పడుకోబెట్టాం. అవ్వ ఆమె తలను ఒడిలో పెట్టుకుంది. మిట్టపల్లాలున్న ప్రతిచోటా నా భార్య నా చేతిని కాదు, ట్రాలీ ఇనుప కమ్మీని పట్టుకుంది.

ఆసుపత్రిలో కాన్పుల గది ముందు నర్సమ్మ కార్డు చూసింది. వేళ్ళ మీద లెక్కించి తల అడ్డంగా ఊపింది. "కార్డుల ఎనిమిదో నెలనే ఉన్నది. నెల తక్కువ పిల్ల, గీడ కాదు. కరీంనగర్ తీస్కపోండ్రి, జల్ది."

ఆ కార్డు మీద ఉన్నది నేను చదివిన తారీఖు. నేను నోరు తెరిచాను. బల్ల మీద పడుకోబెట్టిన నా భార్యే మోచేతి మీద లేచింది.

"ఆగమ్మా. అది నెల తప్పిన తారీఖు, గీయన రాసిండు. ఎంగిలిపూల నాడు నేను దూరముంటి. అందరు ఆడుతుంటె బతుకమ్మను ముట్టలే, అరుగు మీద కూసున్న. గక్కడిసంది లెక్కవెట్టున్రి."

నర్సమ్మ మళ్ళీ వేళ్ళు మడిచింది. ఎంగిలిపూలు పెద్దల అమావాస్య నాటివి. అక్కడి నుంచి దీపావళి అమావాస్య దాకా ఒక నిండు నెల. "అయ్యో, తొమ్మిది నిండవట్టింది గద! లోపటికి తీస్కరాండ్రి" అని తలుపు తెరిచింది. ఆ తలుపు నా ముఖం ముందే మూసుకుంది.

లోపల ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. నా చేతికి గడియారం ఉంది. పిల్ల బయటికి వచ్చాక వెంటనే ఏడవలేదని, నర్సమ్మ పాదాలు కొట్టి, ముక్కులో గొట్టం పెట్టి పీల్చిందని ఆమె వెంట లోపలికి పోయిన అవ్వ తరువాత చెప్పింది. నాకు వినిపించింది ముందు నిశ్శబ్దం, తరువాత పిల్లి పిల్ల కూత వంటి సన్నని శబ్దం. ఆడపిల్ల. పుట్టిన వేళ ఎంత అని రాసుకోవడానికి నర్సమ్మ వచ్చి అడిగితే నేను గడియారం వైపు చూశాను గానీ అంకెలు తెలియలేదు. ఆ గడి కార్డులో ఖాళీగా ఉండిపోయింది.

నీరు ముందే పోయినందువల్ల పిల్లకు జ్వరం పట్టింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. నాలుగో రోజు దాకా ఎవరూ నాకు ధైర్యం చెప్పలేదు. ఐదో రోజున పిల్ల పాలు పట్టింది. తొమ్మిదో రోజున అత్త వచ్చి ఇద్దరినీ నేరుగా కోరుట్లకు తీసుకుపోయింది. నాతో ఒక్క మాట అన్నది: "ముందుగాల గా కొండి పీకెయ్."

ఒక్కణ్ణే ఇంటికి వచ్చాను. తొమ్మిది రోజులు మూసి ఉన్న ఇంట్లో నీళ్ళు ఇంకిపోయి నేల పగిలింది. తలుపు నుంచి కిటికీ వైపు నాలుగడుగుల ఏడంగుళాల పగులు. కొండి పీకాను. సున్నం తెల్లగా, కిటికీ మూసి, పెంకులు సరిగా, అన్నీ నేను రాసుకున్న రోజుకంటే ముందే పూర్తయిన గది అది. అందులో నేను ఒక్క రోజు కూడా పడుకోలేదు. వాడలో తాళాలు పదిహేడు.

గోడ మీద సున్నా చుట్టిన రోజు రానే వచ్చింది. ఆ పొద్దున ఇంట్లో ఉండలేక కోరుట్ల బస్సెక్కాను. అత్త వాకిట్లో చేట ముందు కూర్చొని ఆకు కత్తిరిస్తున్నది. పక్కన ఇంకో బీడీలావిడ.

"రా అల్లుడా, మంచి దినమే అచ్చినవ్. నీ బుక్కు లెక్కన పిల్ల ఇయ్యాలనే పుట్టాలె" అన్నది అత్త. కత్తెర ఆగలేదు.

పక్కావిడ నవ్వి, నా భార్య ఒడిలోని పిల్లను చూసి, "ఎన్ని దినాల పిల్లనయ్యా?" అని నన్నే అడిగింది.

నలభై నాలుగు. అంకె నాలుక మీదికి వచ్చింది. నేను నా భార్య వైపు చూశాను. ఆమె కొంతసేపు నా కోసం ఆగింది. తరువాత పిల్ల తల మీది గుడ్డ సర్దుతూ జవాబిచ్చింది.

"తొలివానలకు ఎర్ర ఆరుద్ర పురుగులు కనవడ్డ దినం పుట్టిందక్కా. తొమ్మిది నిండినంకనే."